జొన్నల సారు మంత్రి అయ్యాక

మా మేడ మీద గదిలో కొన్నేళ్లు అద్దెకున్న మనిషి తర్వాత తన దేశానికి వ్యవసాయ మంత్రి అయ్యాడు. ఈ మాట మా బడిలో తోటి టీచర్లకు చెబితే మొదట నవ్వారు. ఫోటో చూపించాక నవ్వు ఆపి, వేరే సంగతులు అడగడం మొదలుపెట్టారు. మీకేమైనా చేసిపెట్టాడా, మీ పిల్లల్ని అక్కడికి రమ్మన్నాడా అని. అలాంటివేమీ లేవు. ఒక మనిషి బతుకును కొంత దగ్గర నుంచి, కొంత ఫోన్లో నుంచి చూశాను, అంతే. నోటితో చెప్పే ఓపిక పోయింది కాబట్టి రాస్తున్నాను.

అతని దేశం తూర్పు ఆఫ్రికాలో ఉంది. పేరు రాయను. అతనింకా అక్కడే బతుకుతున్నాడు. అక్కడి రాజకీయాలు మన రాజకీయాల కంటే మెత్తనివేమీ కావు.

అతను మా ఇంటికి వచ్చేనాటికి నాకు ఉద్యోగం కొత్త. పటాన్‌చెరు దగ్గర ప్రభుత్వ బడిలో తెలుగు చెబుతున్నాను. మా ఆయన మందుల ఫ్యాక్టరీలో ఆపరేటర్. వారం వారం షిఫ్టు మారేది, దాంతో పాటు మా ఇంట్లో వంట, నిద్ర, మాటలు అన్నీ మారేవి. ఇస్నాపూర్ దాటి చిట్కుల్ పోయే తోవలో మా మామ కట్టించిన ఇల్లు మాది. కింద మేము, పైన ఒక గది. ఆ గదిలో ఎప్పుడూ బిహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చిన కార్మికులు కిరాయికి ఉండేవాళ్లు.

ఒక ఆదివారం పొద్దున అతను గేటు దగ్గర నిలబడ్డాడు. పొడుగ్గా, సన్నగా, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. చేతిలో టోపీ పట్టుకున్నాడు. పటాన్‌చెరు పక్కనున్న పంటల పరిశోధన కేంద్రంలో జొన్న మీద పరిశోధన చేస్తున్నాడట. అక్కడి హాస్టల్లో ఉండే గడువు అయిపోయింది, పని మాత్రం అయిపోలేదు. రోడ్డు పొడుగునా ఇళ్లు అడుగుతూ వచ్చాడు. 'రూమ్ కిరాయికి ఇవ్వబడును' అని రాసి ఉన్న ఇళ్లలో కూడా ఖాళీ లేదన్నారు. ఈ మాట అతను చెప్పలేదు. తోడొచ్చిన ఆటో డ్రైవర్ చెప్పాడు.

మా ఆయన నా వైపు చూశాడు. నేను మామ వైపు చూశాను. మామ అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఏం సదువుతుండట?" అని అడిగాడు.

"జొన్నల మీదట మామా."

"జొన్నల మీద గూడ సదువుంటదా?" అని బీడీ నలిపేశాడు. "గంత దూరంకెల్లి జొన్నల కోసం వచ్చినోన్ని ఇంకేడికి పొమ్మంటవ్? ఉండనియ్యి."

అలా అతను మా మేడ మీదికి వచ్చాడు. వాడకట్టు వాళ్లు మొదట్లో 'ఆఫ్రికోడు' అన్నారు. కొన్నాళ్లకు 'జొన్నల సారు' అన్నారు. నన్ను అక్కా అని పిలిచేవాడు, మా ఆయన్ని బావా అనేవాడు. అలా పిలవమని మేమెవరం చెప్పలేదు. పరిశోధన కేంద్రం పొలాల్లో పనిచేసే ఆడవాళ్ల దగ్గర నేర్చుకున్నాడు.

తెలుగు నేర్పమని అడిగితే నేను అక్షరాల నుంచి మొదలుపెట్టాను. వచ్చాను, వెళ్లాను, తిన్నాను అని రాయించేదాన్ని. సాయంత్రం మామ పక్కన కూర్చుని లేచేసరికి అవన్నీ వచ్చిన, పోయిన, తిన్న అయ్యేవి. "నేను నేర్పింది ఎటు పోయింది?" అంటే, "అక్కా, నీ తెలుగు పరీక్షకు, తాత తెలుగు బతకనీకి" అనేవాడు. ఒకరోజు పొద్దున మామ కోసం గటక వండుతున్నాను. జొన్నరవ్వ ఉడుకుతున్న వాసన మేడ మీదికి పోయినట్టుంది, దిగి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. గిన్నెలోకి తొంగి చూశాడు. మామకు పెట్టినట్టే అతనికీ మజ్జిగ పోసి పెట్టాను. చెంచా పక్కన పెట్టి చేత్తో తిన్నాడు. ఇంకొంచెం పెట్టించుకున్నాడు. వాళ్ల అమ్మ కూడా పొద్దున్నే ఇదే వండుతుందట, కాకపోతే మజ్జిగకు బదులు పులిసిన పాలు పోస్తారట. మామ అతని వీపు మీద చెయ్యి వేసి, "ఇగ అయితే మనోడే" అన్నాడు.

మామకు వాగు పక్కన రేగడి పొలం ఉండేది. ఒకప్పుడు అందులో పచ్చజొన్న మనిషి కంటే ఎత్తు పెరిగేదట. నేను కాపురానికి వచ్చేనాటికే వాగులో నీళ్ల రంగు మారింది. కొన్ని రోజులు ఎర్రగా, కొన్ని రోజులు నల్లగా పారేది. ఒడ్డున నురగ పేరుకునేది. గాలి ఇటు తిరిగితే ముక్కు మూసుకుని తలుపులు వేసుకునేవాళ్లం. బోరు నీళ్లు బిందెలో పోస్తే తెల్లారేసరికి అడుగున పసుప్పచ్చగా పేరుకునేది. బర్రెలు ఆ నీళ్లు తాగి చూళ్లు నిలవక ఒక్కొక్కటే పోయాయి. ఊళ్లో అందరూ పొలాలు పడావు పెట్టారు. మామ మాత్రం ప్రతి ఏడూ విత్తేవాడు. మోకాలెత్తు పెరిగి, కంకి వేసే వేళకు ఆకులు మాడిపోయేవి.

అతను పొలానికి వెళ్లి మొక్కలు పీకి వేళ్లు చూశాడట, మట్టి నలిపి చూశాడట. ఇంటికొచ్చాక మామ ఎదురుగా కింద కూర్చున్నాడు.

"తాతా, నీ ఇత్తనం మంచిదే. నీళ్లే మంచిగ లేవు. ఈ నీళ్లతోని పంట రాదు."

"నాకెర్కలేదా బిడ్డా?"

"మరెందుకు ఇత్తుతున్నవ్?"

"ఇత్తకుంటే పొద్దు ఎట్ల వోతది?" అన్నాడు మామ.

ఆ ఏడాది మామతో పాటు వెళ్లి అతనే విత్తాడు. పంట ఎప్పటిలాగే మాడింది.

ఆ రోజుల్లోనే సంగారెడ్డి కలెక్టరేట్ ముందు మా వాగు వెంట ఊళ్ల రైతులు ధర్నా చేశారు. సీసాల్లో వాగు నీళ్లు నింపుకుని పోయారు. మామతో పాటు అతనూ వెళ్లాడు. వీసా మీద ఉన్నవాడివి, ఇలాంటివాటిలో కనపడొద్దని నేను చెప్పాను. చివర చెట్టు కింద నిలబడ్డాడట. పెద్ద ఆఫీసరు బయటికి వచ్చి, విన్నపం తీసుకుని, పైకి పంపిస్తామని చెప్పి లోపలికి పోయాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అతను మామను అడిగాడట, పైన అంటే ఎవరు అని. మంత్రి, అన్నాడు మామ. మంత్రి అనుకుంటే వాగు బాగవుతుందా అని మళ్లీ అడిగాడట. "మంత్రి అనుకోవాలె గదా" అన్నాడట మామ.

చాలా ఏళ్ల తర్వాత అతనే నాకు ఫోన్లో చెప్పాడు, ఆ బస్సులోనే తనకు మొదటిసారి ఆ ఆలోచన పుట్టిందని. నాకు నమ్మబుద్ధి కాలేదు. రాజకీయాల్లో ఉన్నవాళ్లు తమ మొదలు ఎక్కడో చెప్పుకోవడానికి ఒక కథ కావాలి కదా అనుకున్నాను. కానీ మామ పోయాక చెప్పాడు కాబట్టి, ఎవరి మెప్పు కోసమూ కాదేమో.

పరిశోధన ముగిశాక వెళ్లిపోయాడు. మామ తన పచ్చజొన్న విత్తనాలు ఒక గుడ్డలో కట్టి ఇచ్చాడు. విమానంలో తీసుకుపోనివ్వరని, పరిశోధన కేంద్రం ద్వారా పంపితేనే కుదురుతుందని అతను ఎంత చెప్పినా మామకు అర్థం కాలేదు. చివరికి ఆ మూట పరిశోధన కేంద్రంలోనే ఇచ్చి వెళ్లాడు. మామ కొన్నాళ్లు అలిగాడు.

మొదట్లో పండగలకు ఫోన్ చేసేవాడు. వాళ్ల దేశంలో ఒక జిల్లాకు వ్యవసాయ అధికారి అయ్యాడు. పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు. తర్వాత వాళ్ల వైపు పెద్ద కరువు వచ్చింది. ప్రభుత్వం పంపిన విత్తనాలు మొలవలేదు. రైతులను వెంటబెట్టుకుని రాజధానికి పోయి, తన పై అధికారుల ముందే ఆ విత్తనాలు కుమ్మరించాడు. ఉద్యోగం పోయింది. ప్రతిపక్ష పార్టీ వాళ్లు ఇంటికొచ్చి టికెట్ ఇస్తామన్నారు.

"నిలబడుతున్నవా?" అని అడిగాను.

"నౌకరి పోయింది గదక్కా. ఇంకేం జెయ్యాలె?" అని నవ్వాడు.

మొదటిసారి ఓడిపోయాడు. రెండోసారి గెలిచాడు. గెలిచిన రోజు వీడియో కాల్ చేశాడు. వెనక జనం పాడుతున్నారు, డప్పులు మోగుతున్నాయి, ఎవరో అతన్ని భుజాల మీద ఎక్కించుకున్నారు. మామ అప్పటికే మంచం పట్టాడు. ఫోన్ మామ ముఖం ముందు పెట్టాను. మామ చూపు సరిగా ఆనడం లేదు. "ఎవల పెండ్లి?" అన్నాడు. అది విని అతను అక్కడ పడీ పడీ నవ్వాడు. ఆ చలికాలం దాటకుండానే మామ పోయాడు.

పొలం మేమే అమ్మేశాం. చుట్టూ ఉన్నవాళ్లంతా అమ్మాక మధ్యలో మాదొక్కటే ఏం చేస్తాం? కొన్నవాళ్లు ప్రహరీ కట్టి లోపల షెడ్డు వేశారు. అందులో ఏం చేస్తారో ఇప్పటికీ సరిగా తెలియదు. డ్రమ్ములు లోపలికి పోతాయి, డ్రమ్ములు బయటికి వస్తాయి.

అతని పార్టీ అధికారంలోకి వచ్చింది. మొదట ఉప మంత్రి, తర్వాత మంత్రి. ఫోన్లు తగ్గాయి. చేసినా నడుమ నడుమ ఎవరో పిలిచేవాళ్లు, ఆగమని పక్కకు ఏదో చెప్పి మళ్లీ వచ్చేవాడు. తెల్లవారక ముందే గేటు బయట జనం కూర్చుంటారట. ఆసుపత్రి చీటీ ఒకరికి, కొడుక్కి ఉద్యోగం ఒకరికి, పక్కింటివాడి మీద ఫిర్యాదు ఒకరికి. అందరూ అతని జిల్లా వాళ్లే. పంటల గురించి అడిగేవాళ్లు తక్కువ. క్యాబినెట్‌లో ఎవరి జిల్లాకు ఏం పోవాలో ముందే తేలిపోయి ఉంటుందట. మన్ను గురించి తను మాట్లాడితే అందరూ మర్యాదగా విని తర్వాతి విషయానికి పోతారట. వాళ్ల అమ్మ చనిపోయినప్పుడు ఏదో దేశంలో సమావేశంలో ఉన్నాడు. వచ్చేసరికి కడసారి చూపు కూడా దక్కలేదు.

"ఆమె చేతి గటక తిననీకి గూడ టైం దొరకలే అక్కా, మంత్రి అయినంక" అన్నాడు ఆ రోజు.

ఆ రోజు మా ఆయన పక్కనే కూర్చుని షూ విప్పుకుంటున్నాడు. ఫోన్ పెట్టేశాక, "వానికి గూడ షిఫ్టు డ్యూటీ లెక్కనే ఉన్నది" అన్నాడు.

అతను మంత్రిగా ఇక్కడికి వచ్చింది అప్పుడే. పరిశోధన కేంద్రంలో ఏవో ఒప్పందాలకు నాలుగైదు దేశాల మంత్రులు వచ్చారు. తన పాత ఇల్లు చూస్తానని అతను పట్టుబట్టాడట. అంతకు ముందు రోజే మా వాడకట్టుకు పోలీసులు, రెవెన్యూ వాళ్లు వచ్చారు. ఏళ్ల తరబడి గుంతలతో ఉన్న రోడ్డు మీద మొరం పోశారు. డ్రైనేజీ మీద బండలు కప్పారు. పక్కింటి గోడకు సున్నం వేశారు, మా గోడకు వేసేలోపు సున్నం అయిపోయింది. ఒక అధికారి నన్ను పక్కకు పిలిచి, మంత్రిగారిని ఏమని సంబోధించాలో ఇంగ్లిష్‌లో రెండుసార్లు చెప్పించాడు.

కారు ఆగింది. సూటు వేసుకున్న లావాటి మనిషి దిగాడు. జుట్టంతా నెరిసింది. కళ్ల కింద ఉబ్బు. నాకు ఆ సన్నటి పిల్లవాడు ఎక్కడా కనపడలేదు. చేతులు జోడించాను. నేర్చుకున్న ఇంగ్లిష్ మాట నోటిదాకా వచ్చింది.

"అక్కా, మంచిగున్నవా? బావేడి? ఇంకా సెకండ్ షిఫ్టేనా?" అన్నాడు.

పోలీసులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ అధికారి నోరు తెరుచుకునే ఉండిపోయాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మేడ ఎక్కి గది చూస్తానన్నాడు. మెట్ల మధ్యలో రొప్పుతూ ఆగాడు. షుగరట, బీపీ కూడానట. గదిలో ఇప్పుడు జార్ఖండ్ కుర్రాళ్లు ఉంటున్నారు. డ్యూటీకి పోయారు, తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూశాడు. తీగ మీద ఆరేసిన యూనిఫాంలు, మూలన స్టవ్వు. "నాదే రూం" అన్నాడు. దిగేసరికి మా ఆయన డ్యూటీ నుంచి వచ్చేశాడు. కింద గటక పెట్టాను. రెండు ముద్దలు తిని, వెంట వచ్చిన డాక్టరు వైపు చూసి ఆపేశాడు.

తర్వాత, తాత పొలం చూడాలె అన్నాడు. వెంట వచ్చిన వాళ్లకు అది ఇష్టం లేదు. టైం లేదన్నారు, రోడ్డు బాగా లేదన్నారు. అతను వినలేదు. నన్ను, మా ఆయన్ని తన కారులోనే ఎక్కించుకున్నాడు. షెడ్డు ప్రహరీ దగ్గర ఆపాం. గేటు దగ్గర వాచ్‌మన్ పోలీసు బండ్లు చూసి లోపలికి పరిగెత్తాడు. అతను కారు దిగలేదు. అద్దం దించి గోడను చూస్తూ కూర్చున్నాడు. గాలిలో ఎప్పటి వాసనే. డ్రైవర్‌ను దిగి కాసేపు బయట ఉండమన్నాడు.

అప్పుడు చెప్పాడు. వాళ్ల ప్రభుత్వం ఒక పెద్ద పారిశ్రామికవాడ పెడుతోందట. మందులు, రంగులు, తోలు, అన్నీ. పెట్టేది అతని జిల్లాలోనే, అతని ఊరి నది ఒడ్డునే. భూములు వ్యవసాయ శాఖ వదిలిపెడితేనే పని మొదలవుతుంది. అంటే అతను సంతకం పెట్టాలి. అధ్యక్షుడు రెండుసార్లు అడిగాడు. ఊరికి పోతే కుర్రాళ్లు కారు ఆపి ఎప్పుడు వస్తుందని అడుగుతున్నారు.

"వాళ్లకు ఈ వాగు సంగతి చెప్పినవా?" అని అడిగాను.

"చెప్పిన అక్కా. మీటింగుల చెప్పిన, ఊర్ల చెప్పిన. ఇండియా సూడు ఎట్లున్నదో అంటరు. నువ్వు విమానాలల్ల తిరుగుతవు, మమ్ముల జొన్నలు పండించుకొమ్మంటవు అంటరు." మా ఆయన వైపు తిరిగి, "బావా, నువ్వు చెప్పు. నేనేం జెయ్యాలె?" అన్నాడు.

మా ఆయన ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. మా ఇల్లు నిలబడింది, మా పిల్లలు చదివింది ఆ జీతంతో, నా జీతంతోనే. మా బోరు పాడైందీ, మామ పొలం పోయిందీ అలాంటి ఫ్యాక్టరీల వల్లే. ఆ రెండు ముక్కలూ మా ఇంట్లో ఎప్పుడూ కలిసే ఉన్నాయి, వాటిని విడదీసి మాట్లాడటం మాకు చేతకాలేదు.

"ఫ్యాక్టరీ ఒద్దని నేనెట్ల అంటరా?" అన్నాడు చివరికి. మంత్రిని ఒరే అన్నాడని నేను కంగారుపడ్డాను. "నా బుక్క దానితోనే నడిచింది. కని నీళ్లు ఎటు ఇడుస్తరో మొదలే తేల్చుకో. తర్వాత ఎవ్వడూ ఇనడు. ఈడ ఎవ్వడూ ఇనలే."

"అట్ల షరతు వెడితే నన్ను తీసేస్తరు బావా."

"తీసేస్తే తీసేస్తరు. ఇంటికి వోయి జెర పంటవు. నిన్ను సూస్తే నిద్ర లేనట్టే ఉన్నది."

అతను నవ్వాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకున్నాడు. అంతలో ముందు కారులోంచి ఎవరో వచ్చి తలుపు మీద తట్టారు.

వెళ్లాక అతను షరతు పెట్టాడు. నది ఒడ్డు వదిలి లోపలికి జరగాలని, మురికి నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు ముందు కట్టి, ఆ తర్వాతే ఫ్యాక్టరీలకు స్థలాలు ఇవ్వాలని రాసి, అలా అయితేనే సంతకం పెడతానన్నాడు. నెలలు గడిచాయి. పత్రికల్లో అతన్ని అభివృద్ధికి అడ్డం అని రాశారు. పొరుగు దేశం దగ్గర లంచం తిన్నాడని కూడా రాశారు. ఆ తర్వాత మంత్రివర్గం మార్చారు. పూర్తిగా తీసేయలేదు, క్రీడల శాఖ ఇచ్చారు. కొత్తగా వచ్చిన వ్యవసాయ మంత్రి ఆ వారమే సంతకం పెట్టేశాడు.

"క్రీడల మంత్రి ఏం జేస్తడు?" అని అడిగాను.

"కప్పులు ఇస్తడు. ఫోటోలు దిగుతడు. మంచి పనే అక్కా, ఎవ్వలూ ఏం అడుగరు."

నవ్వించాలని అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు.

తర్వాతి ఎన్నికల్లో సొంత జిల్లాలోనే ఓడిపోయాడు. పెద్ద తేడాతో. అతని ఊరి పోలింగ్ కేంద్రంలో కూడా రెండో స్థానమే. ఫ్యాక్టరీలు ఆలస్యం కావడానికి అతనే కారణమని కుర్రాళ్లంతా అవతలి వాడికి వేశారు. ఏ నది కోసం పదవి పోగొట్టుకున్నాడో ఆ నది ఒడ్డు జనమే వద్దన్నారు. ఫలితాలు వచ్చిన రోజు నేనే ఫోన్ చేశాను. భార్య ఎత్తి, పడుకున్నాడని చెప్పింది. మర్నాడు చేసినా పడుకున్నాడనే చెప్పింది. అలా చాలా రోజులు పడుకున్నాడు.

ఈ మధ్యలో మా ఆయన రిటైర్ అయ్యాడు. అన్నేళ్ల షిఫ్టుల తర్వాత ఏ వేళ పడుకున్నా నిద్ర పట్టడం లేదు. ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకునేది ఎక్కువగా నిద్ర గురించే. ఏ మాత్ర వేసుకుంటున్నావ్, ఎన్ని గంటలు పట్టింది అని. దేశానికి మంత్రిగా చేసిన మనిషీ, ఆపరేటర్‌గా చేసిన మనిషీ ఒకే రోగం గురించి అంత శ్రద్ధగా మాట్లాడుకుంటుంటే వింటూ నేను నోట్సులు దిద్దుకునేదాన్ని.

ఒకసారి నాతో అన్నాడు, "అలిసిపోయిన అక్కా. పదవిల ఉన్నప్పుడు అలుపుండె, సరే. ఇప్పుడు ఇంట్ల ఖాళీగ కూసున్నా పోతలేదు."

"ఏమన్న పని వెట్టుకో" అన్నాను. "పదవి గాదు, పని."

కొన్ని నెలల తర్వాత తెలిసింది, ఊరి కౌన్సిల్‌కు నిలబడ్డాడని. మన దగ్గర పంచాయతీలో వార్డు సభ్యుడి లాంటిదట. పార్లమెంటుకు మళ్లీ నిలబడమని పార్టీ అడిగితే వద్దన్నాడు. మంత్రిగా చేసినవాడు వార్డుకు దిగజారాడని పత్రికల్లో కార్టూన్ వేశారు, దాన్ని నాకు పంపించాడు కూడా. పోటీకి ఎవరూ రాలేదు. ఆ పదవి ఎవరికీ అక్కర్లేదు.

పారిశ్రామికవాడలో మొదటి ఫ్యాక్టరీ మొదలైంది. తోలు శుద్ధి చేసేది. శుద్ధి ప్లాంటు కాగితం మీదే ఉంది. అతని అక్క కొడుకు అందులోనే ఉద్యోగంలో చేరాడు, వెళ్లమని తనే చెప్పాడట. ప్రతి నెలా కౌన్సిల్ తరపున నది దగ్గరికి పోయి నీళ్లు పట్టి, రాజధానిలో ప్రయోగశాలకు బస్సులో తీసుకుపోతాడు. ఒకప్పుడు ఎస్కార్టుతో పోయిన రోడ్డే. ప్రయోగశాలలో పనిచేసేవాళ్లలో కొందరు అతను మంత్రిగా ఉన్నప్పుడు చేరినవాళ్లు. లేచి నిలబడతారట, నీళ్లు మాత్రం వరుసలోనే పెట్టమంటారట. రెండుసార్లు ఫలితం చెడ్డగా వచ్చింది. ఫ్యాక్టరీకి నోటీసు వెళ్లింది. మురికి నీళ్లు నదిలోకి వదిలే ఒక కాలువ మూశారు. ఇంకోటి తవ్వారేమో అని అతనికి అనుమానం, అది చూడటానికి పోతున్నాడు.

మొన్న ఆదివారం ఫోన్ చేసినప్పుడు రొప్పుతున్నాడు. నది గట్టు ఎక్కుతున్నానన్నాడు.

"మెల్లగ ఎక్కు" అన్నాను. "ఎవరన్న తోడున్నరా?"

"ఒక్కన్నే అక్కా. వస్తమన్నోల్లు రాలే."

"భయమైతలేదా?"

"భయం గాదు. కాళ్లు నొస్తున్నయ్" అన్నాడు. తర్వాత బావను అడిగాడు. నిద్ర పట్టిందా అని. పట్టిందని చెప్పాను. నిజంగానే ఆ మధ్యాహ్నం మా ఆయన ఫ్యాను కింద గాఢంగా నిద్రపోతున్నాడు, లేపొద్దని అతనే అన్నాడు. ఒడ్డుకు చేరాక మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేశాడు.